తందూర్ పొయ్యి దగ్గర పని... స్పెర్మ్ కౌంట్ తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. విజయవాడలో ఒక హోటల్లో తందూర్ దగ్గర రోజుకు పది గంటలు రోటీలు కాలుస్తాను. పెళ్లయి రెండేళ్లయినా పిల్లల్లేరు. మొన్న టెస్టులో స్పెర్మ్ కౌంట్ మిల్లీలీటరుకు 90 లక్షలే వచ్చింది. టెస్టుకి నెలన్నర ముందు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. ఇదంతా ఒంట్లో వేడి వల్లేనని మా అమ్మ గుడ్లు, మామిడిపండ్లు మాన్పించి సబ్జా నీళ్లు తాగిస్తోంది. నాకు పిల్లలు పుడతారా?

డాక్టర్ సలహా: ముందు గుడ్లు తినడం మొదలుపెట్టండి. నోటిపూత దగ్గర్నుంచి మూత్రంలో మంట దాకా మనం అన్నిటికీ 'వేడి చేసింది' అనేస్తాం గానీ, మామిడిపండు తింటే వృషణాలు వేడెక్కవు. సబ్జా తాగితే తాగండి, దాంతో కౌంట్ పెరుగుతుందని మాత్రం ఆశపడకండి.

వీర్యకణాలు సరిగా తయారవ్వాలంటే వృషణాలు ఒంటి వేడి కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలి, అందుకే అవి పొట్టలో కాకుండా బయట సంచిలో ఉంటాయి. చన్నీళ్లు పోసుకుంటే ఆ సంచి ముడుచుకుని పైకి పోవడం, ఎండాకాలం వదులై కిందికి జారడం మీరూ చూసే ఉంటారు. బిగుతు జీన్సు వేసుకుని పది గంటలు పొయ్యి ముందు నిలబడితే ఆ సర్దుబాటు చాలకపోవచ్చు. (ల్యాప్‌టాప్ గంటలకొద్దీ ఒళ్లో పెట్టుకునేవాళ్లదీ ఇదే సంగతి.)

అయితే మీ విషయంలో నా మొదటి అనుమానం పొయ్యి మీద కాదు, టైఫాయిడ్ మీద. ఒక వీర్యకణం తయారవడానికి రెండు నెలల పైనే పడుతుంది, అది పూర్తిగా ఎదిగి బయటికి రావడానికి ఇంకొన్ని రోజులు. అంటే జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నప్పుడు సగం తయారైన కణాలనే మీరు టెస్టుకి ఇచ్చారన్నమాట. జ్వరం తగ్గి మూడు నెలలు దాటాక, రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి మళ్లీ చేయించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన కనీస అంకె 1 కోటీ 60 లక్షలు, కానీ అదేం పాస్ మార్కు కాదు, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లూ తండ్రులవుతున్నారు.

ఈలోపు యూరాలజిస్టుకి ఒకసారి చూపించుకోండి. నిలబడినప్పుడు సంచిలో, ఎక్కువగా ఎడమవైపు, వానపాముల మూటలా నరాలు ఉబ్బి చేతికి తగిలితే అది వేరికోసీల్ కావచ్చు, నూటికి పదిహేను మంది మగవాళ్లలో ఉంటుంది, అదీ అక్కడ వేడి పెంచేదే. వీలైతే ఓనర్ని అడిగి కొన్నాళ్లు కౌంటర్ పనికి మారండి, ఇంట్లో లుంగీ కట్టుకోండి, సిగరెట్ ఉంటే మానేయండి. బలం కోసమని ఎవరైనా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ ఇస్తానంటే అస్సలు వద్దు, ఉన్న ఉత్పత్తి కూడా ఆగిపోతుంది. మీ ఆవిడ పరీక్షలు కూడా ఇప్పుడే చేయించండి, మీ రిపోర్టు కోసం ఆగొద్దు.

ఈ మూడు నెలల్లో మళ్లీ గట్టి జ్వరం వస్తే తేదీ రాసిపెట్టుకోండి, లెక్క మళ్లీ అది తగ్గిన రోజు నుంచే.