‘నలుగురికీ సాయపడే ఉద్యోగం’ కావాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: సామాజిక శాస్త్రంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. చదువులోనూ ఉపాధిలోనూ సమాజ జీవితంలోనూ వెనకబడిపోయినవారి సాధికారత కోసం పనిచేయాలని ఉంది. సోషల్ వర్క్‌లో పీజీ చేయాలా, హెచ్‌ఆర్ వైపు వెళ్లాలా, వయోజన విద్యలో శిక్షణ తీసుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ‘సేవ చేసుకో, కానీ దాన్నే ఉద్యోగం అనుకోకు’ అని మా నాన్నగారు అంటున్నారు. నలుగురికీ సాయపడడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఏం చేయమంటారు?

జవాబు: మీ ప్రశ్నలోని చివరి మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే కోర్సు కంటే ముందు తేలవలసిన విషయం అందులోనే ఉంది. సాయపడడమూ సాధికారతా ఒకటే అనుకుని ఈ రంగంలోకి వచ్చి, రెండు మూడేళ్లకే నీరసపడిపోయినవారిని చాలామందిని చూశాను. సాయం చేసేటప్పుడు పని మన చేతుల మీదుగా జరుగుతుంది, ఫలితం త్వరగా కనిపిస్తుంది, కృతజ్ఞతా దక్కుతుంది. సాధికారత కోసం పనిచేసేటప్పుడు అదే పని ఎదుటివారి చేతుల్లోకి వెళ్లాలి కాబట్టి ఆలస్యమవుతుంది, మనం చేసినంత పద్ధతిగా ఉండకపోవచ్చు, చివరికి మన అవసరమే తీరిపోవచ్చు. ఈ మూడింటినీ ఓర్చుకోగల స్వభావం మీకు ఉందా లేదా అన్నది మీరే చెప్పాలి.

నా సంగతే చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక యువకుడు శిక్షణ కోర్సు దరఖాస్తు ఫారం పట్టుకుని వచ్చాడు. వెనక ఇంకా పదిమంది వేచి ఉన్నారు కదా అని నేనే ఫారం తీసుకుని, అతను చెబుతూ ఉంటే ఐదు నిమిషాల్లో నింపేసి, సంతకం చేయించి పంపేశాను. నాలుగు నెలల తర్వాత అతను ఇంకో ఫారంతో వచ్చాడు. దాదాపు అవే గడులు. ‘మీరు రాస్తే తప్పు పోదండీ’ అన్నాడు. ఆ పొగడ్త నాకు గుచ్చుకుంది. ఈసారి కుర్చీ అతని పక్కకు జరుపుకుని, పెన్ను అతని చేతికే ఇచ్చాను. ‘అనుభవం’ అన్న గడి దగ్గర ఆగిపోయి, తనకేమీ లేదన్నాడు. మూడేళ్లుగా అన్నతో కలిసి మోటార్లు బాగుచేస్తున్న సంగతి మాటల్లో బయటపడ్డాక, ‘అదీ అనుభవమేనా?’ అని అడిగి, రెండు వరుసలు రాసి, ఒకటి కొట్టేసి, మళ్లీ రాశాడు. గంట పట్టింది; బయట కూర్చున్నవారు విసుక్కున్నారు కూడా. మూడోసారి అతను ఫారం కోసం నా దగ్గరకు రాలేదు.

నేను అలా పొరపాటు చేసి నేర్చుకున్నదాన్ని అంతకు ఎన్నో ఏళ్ల ముందే పాఠశాలగా నడిపినవారు ఉన్నారు. అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రపు జాన్స్ ఐలాండ్‌లో 1957లో ఒక పౌరసత్వ పాఠశాల మొదలైంది. ఓటరుగా నమోదు కావాలంటే చదవడం వచ్చునని రుజువు చేసుకోవాలన్న నిబంధన అప్పట్లో అక్కడి నల్లజాతివారిని ఓటుకు దూరంగా ఉంచేది. ఆ పాఠశాలలో చదువు చెప్పడానికి ఎంచుకున్న బెర్నీస్ రాబిన్సన్ వృత్తిరీత్యా ఉపాధ్యాయురాలు కారు. ఆమె బ్యూటీషియన్, బట్టలు కుట్టేవారు. బడి అలవాట్లతో పెద్దవారిని చిన్నపిల్లల్లా చూడని మనిషి కావాలనే ఆమెను ఒప్పించారు. పిల్లల వాచకాలు ఆ తరగతికి పనికిరావని ఆమె వెంటనే గ్రహించి, మీకు ఏం నేర్చుకోవాలని ఉందని వచ్చినవారినే అడిగారు. తమ పేరు రాయడం, మనీ ఆర్డర్ ఫారం నింపడం, ఓటరు నమోదుకు కావలసిన భాగాలు చదవడం, ఇవే పాఠాలయ్యాయి. తర్వాతి ఏళ్లలో సెప్టిమా క్లార్క్ వంటివారి కృషితో ఈ పద్ధతి దక్షిణాది రాష్ట్రాలకు వ్యాపించింది. వయోజన విద్యను ఇలా అర్థం చేసుకోగలిగితే అది మంచి వృత్తి. పుస్తకం పూర్తి చేయించడమే పని అనుకుంటే మాత్రం మీరూ విసిగిపోతారు, నేర్చుకునేవారూ మానేస్తారు.

ఇక కోర్సుల విషయం. మీ ఆసక్తికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది సోషల్ వర్క్. ఆ వృత్తికి 2014లో ఆమోదం పొందిన అంతర్జాతీయ నిర్వచనంలోనే ప్రజల సాధికారత అన్న మాట ఉంది. అయితే ఆ డిగ్రీ విలువ తరగతి గదిలో కంటే ఫీల్డ్‌వర్క్‌లో, అంటే చదువులో భాగంగా సంస్థల్లోనూ ప్రజల మధ్యా చేసే పనిలో, తేలుతుంది. మొత్తం చదువులో కనీసం 25 శాతం ఫీల్డ్‌వర్క్ ఉండడం మంచిదని 2020 నాటి అంతర్జాతీయ విద్యా ప్రమాణాలు సూచిస్తున్నాయి. అందువల్ల సీటు తీసుకునే ముందు ఫీల్డ్‌వర్క్ ఎన్ని రోజులు, ఎక్కడ చేయిస్తారు, పర్యవేక్షించే సూపర్‌వైజర్ వారానికి ఎంత సమయం ఇస్తారు అని సీనియర్లను అడిగి తెలుసుకోండి. జవాబు నసుగుతూ వస్తే ఆ కళాశాల గురించి మరోసారి ఆలోచించండి.

హెచ్‌ఆర్ గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. సంస్థల్లో సాధికారత అన్న మాట పోస్టర్ల మీద కనిపించినంతగా పనిలో కనిపించదు. ఉద్యోగి మీద బాధ్యత పెరుగుతుంది, నిర్ణయం మాత్రం పై అధికారి దగ్గరే ఉండిపోతుంది. పైగా హెచ్‌ఆర్ విభాగం యాజమాన్యం తరఫున పనిచేస్తుంది. అందులో తప్పేమీ లేదు, కానీ అది తెలిసి చేరాలి. శిక్షణ మీదో, వికలాంగులకు అనువైన ఉద్యోగ ఏర్పాట్ల మీదో ఆసక్తి ఉంటే అక్కడా చేయదగిన పని ఉంది.

ఏ సంస్థలో చేరినా దాన్ని అంచనా వేయడానికి ఒక కొలబద్ద ఉపయోగపడుతుంది. నిర్ణయాల్లో పౌరుల భాగస్వామ్యాన్ని అమెరికన్ విధాన విశ్లేషకురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో 8 మెట్ల నిచ్చెనగా చూపించారు. అడుగున ఉన్న 2 మెట్లూ భాగస్వామ్యం పేరుతో జరిగే తంతులు. తర్వాతి 3 మెట్లలో సమాచారం ఇస్తారు, అభిప్రాయం అడుగుతారు, ఒకరిద్దరికి కమిటీలో చోటిచ్చి ఊరడిస్తారు. అధికారం నిజంగా చేతులు మారేది పై 3 మెట్లలోనే. ఇంటర్వ్యూలో చివర ‘మీరేమైనా అడుగుతారా?’ అన్నప్పుడు, ఆ సంస్థ ఎవరి కోసం పనిచేస్తోందో వారిలో ఎంతమంది దాని పాలకమండలిలో ఉన్నారని మర్యాదగానే అడగండి. వికలాంగులు సొంతంగా బతకడానికి తోడ్పడేందుకు 1972లో అమెరికాలోని బర్క్‌లీలో ఏర్పడిన స్వతంత్ర జీవన కేంద్రాన్ని తీవ్రమైన వైకల్యం ఉన్నవారే స్థాపించి, వారే నడిపారు కాబట్టి అది జరగని పని అని ఎవరూ అనలేరు.

మీ నాన్నగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఈ రంగంలో చాలా ఉద్యోగాలు ప్రాజెక్టులతో ముడిపడి ఉంటాయి. నిధులు ఆగితే ఉద్యోగమూ ఆగుతుంది. పైగా ప్రకటనలో ‘సాధికారత నిపుణులు కావలెను’ అని ఉండదు. కేస్ వర్కర్, ఉపాధి పునరావాస కౌన్సెలర్, శిక్షకుడు, సముదాయ సమన్వయకర్త వంటి పేర్లతో ఉంటాయి. నిలదొక్కుకునేది సాధారణంగా చేతిలో ఒక గట్టి పని ఉన్నవారే: పద్దులు రాయడం, చట్టం చదివి మామూలు మాటల్లో చెప్పడం, సభ నడపడం. పీజీతో పాటు వీటిలో ఒకటి బాగా నేర్చుకోండి. నన్నడిగితే పద్దులే ముందు, ఎందుకంటే సంఘం డబ్బు లెక్క తెలియనివారికి ఆ సంఘంలో అధికారం ఉండదు, ఆ లెక్క నేర్పేవారి కొరత ఎప్పుడూ ఉంటుంది.

పీజీ దరఖాస్తుకు ఇంకా సమయం ఉంది కదా, ఈలోగా సొంతంగా నడుస్తున్న ఏదైనా చిన్న సంఘానికి వెళ్లి, మూడు నాలుగు సమావేశాల పాటు మినిట్స్ (చర్చలు, తీర్మానాల నమోదు) రాసిపెడతానని అడగండి. రెండో సమావేశంలో సభ్యుల్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి, మూడోసారి పుస్తకం వారికిచ్చి మీరు ఊరికే కూర్చోండి. అక్షరాలు వంకరగా వస్తున్నా, తీర్మానం తేదీ మరిచిపోతున్నా పుస్తకం తిరిగి లాక్కోకుండా ఉండగలిగారో లేదో నాకు రాయండి; కోర్సు మాట అప్పుడు ఇంకా వివరంగా మాట్లాడుకుందాం.