కంపెనీ వెళ్ళిపోయాక పాడైన పొలాన్ని ఎవరు బాగుచేయాలి?

మీ పొలం పక్క ఫ్యాక్టరీ మూతపడింది, భూమీ నీళ్ళూ పాడయ్యాయి, చట్టప్రకారం ఎవరు శుభ్రం చేయాలి అని అడిగారు.

చట్టప్రకారమైతే పాడుచేసినవాడే చేయాలి. ఈ ముక్క 1996 నుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. కానీ ఆ పాడుచేసినవాడు దొరకాలి కదా? అసలు తిప్పలంతా అక్కడే. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మాది నెల్లూరు జిల్లా, అల్లూరు పక్క, ఇసకపల్లి ఉప్పుటేరుకి దగ్గర్లోని ఊరు. మా తాత ఆ నేలలో మొలగొలుకుల వరి పండించాడు. 93లో ఊరికి టైగర్ రొయ్యల పిచ్చి పట్టింది. బయటినుంచి వచ్చిన ఒక కంపెనీ ఎకరాకి ఏడాదికి 8 వేలు లీజు ఇస్తామంది. వరి వేస్తే ఖర్చులు పోను అందులో సగం మిగిలితే గొప్ప. నాయన ఉన్న నాలుగెకరాలూ రాసిచ్చేశాడు. పది రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు. అందులో ఒక వాక్యం నాకిప్పటికీ నోటికొచ్చు: 'గడువు తీరిన పిమ్మట సదరు భూమిని యథాస్థితిలో స్వాధీనపరచవలెను.' రాసిన డాక్యుమెంట్ రైటరు ఎవరో గానీ, చేయి తిరిగినవాడు.

రెండు పంటలు బాగా తీశారు. తర్వాత తెల్లమచ్చల వైరస్ వచ్చి కోస్తా మొత్తం ఊడ్చుకుపోయింది. కంపెనీ వాళ్ళు ఏరేటర్లు, డీజిల్ ఇంజన్లు, పైపులు, ఆఖరికి కాపలా గుడిసె మీది రేకులు కూడా లారీకెత్తారు. గట్లూ, కుళ్ళిన రొయ్యలూ మాకొదిలారు.

బావి చెడిందని ముందు పసిగట్టింది అమ్మే. కందిపప్పు ఉడకడం మానేసింది. పొయ్యి కింద కట్టెలు అయిపోతున్నాయి గానీ, పప్పు గింజ గింజగానే ఉంది. మొదట కోమటి మావ పాత పప్పు అంటగట్టాడని నాలుగు తిట్టింది కూడా.

96 మే నెలలో ఒకరోజు నాయన బావి నీళ్ళు ఒక హార్లిక్స్ సీసాలో నింపి, అగ్రిమెంటు జేబులో పెట్టుకుని, నన్ను వెంటేసుకుని నెల్లూరు బస్సెక్కాడు. నాకప్పుడు పన్నెండేళ్ళు. దారి పొడుగునా ఒకటే మాట, 'మేనేజరు చేత ఈ నీళ్ళు తాగిస్తా, ఒక్క గుక్క చాలు' అని. దర్గామిట్టలో వాళ్ళ ఆఫీసు మేడ ముందు దిగేసరికి పన్నెండు దాటింది. బోర్డు తీసేశారు, మేకులు మాత్రం గోడకి ఉన్నాయి. మెట్ల మీద కూర్చున్న వాచ్‌మన్ చెప్పాడు, 'వాళ్ళు ఖాళీ చేసి మూడు నెలలైంది సామీ' అని. ఎండకి అతని పెదాలు కూడా ఎండిపోయి ఉన్నాయి. సీసా చూసి ఒక గుక్క పొయ్యమన్నాడు. నాయన ఏమనుకున్నాడో ఏమో, మూత తీసి ఇచ్చేశాడు. వాచ్‌మన్ నోట్లో పోసుకుని వెంటనే రోడ్డు మీదికి ఉమ్మేశాడు.

'ఏంది సామీ, సముద్రం నీళ్ళు తెచ్చినారా?'

'మా ఇంటి బావి నీళ్ళబ్బయా.'

అంతే మా కేసు. దావా అన్నా, విచారణ అన్నా, అదే.

తమాషా ఏంటంటే, మేం తిరిగొచ్చిన ఏడు నెలలకి, 1996 డిసెంబరు 11న, రొయ్యల చెరువుల మీద వేసిన జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తీరప్రాంత నియంత్రణ జోన్‌లో, అంటే సముద్రపు ఒడ్డు పొడుగునా ఆంక్షలున్న నేలలో, రొయ్యల చెరువులు తీసేయాలి, నష్టపోయినవాళ్ళకి పరిహారం, పాడైన పర్యావరణాన్ని తిరిగి బాగుచేసే ఖర్చు చెరువుల వాళ్ళే కట్టాలి అని. నాయన ఆ పేపరు కత్తిరించి అగ్రిమెంటుతో కలిపి పెట్టుకున్నాడు. మా గడప తొక్కినవాడు లేడు. తర్వాత 2005లో పార్లమెంటు వేరే చట్టం తెచ్చి, రిజిస్ట్రేషన్ల మీద చెరువులు నడుపుకునే దారి వేసింది.

తీర్పు గెలిచినా గెలిచినట్టు కాదు లెండి. రాజస్థాన్‌లో బిచ్ఛ్రీ అనే ఊరి బావుల్ని రసాయనాల ఫ్యాక్టరీలు పాడుచేస్తే, అదే 96 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. కట్టకుండా పిటిషన్ల మీద పిటిషన్లు వేస్తూ పోతే, 2011లో కోర్టు మళ్ళీ 37 కోట్ల చిల్లర, దాని మీద ఏడాదికి 12 శాతం చక్రవడ్డీ వేయాల్సొచ్చింది. పదిహేనేళ్ళు! భోపాల్ సంగతి చెప్పక్కర్లేదు. 84లో గ్యాస్ లీకైతే, అక్కడ పడున్న 337 టన్నుల విషపు చెత్త ఊరు దాటింది 2025 జనవరిలో.

ఇంకో సంగతి. మా పొలం ఒక్కటే పోలేదు. పక్క చేను మా మావది. ఆయన రొయ్యలకి ఇవ్వలేదు, వద్దని నాయనకి చెప్పాడు కూడా. మా చెరువు ఊట ఆయన చేలోకి దిగింది. పదకొండేళ్ళు మా ఇంటికి రాలేదు. అమెరికాలో 1980లో సూపర్‌ఫండ్ అనే చట్టం చేశారు. దాని కింద చెత్త పోసినవాడినే కాదు, ఇప్పుడు ఆ భూమి ఎవరి పేరున ఉందో వాళ్ళని కూడా ఖర్చు కట్టమంటారు. ఇది చదివి నాయనకి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, 'అయితే బిల్లు నాకే వచ్చుండేది. మీ మావ అప్పుడే పంపించాడులే' అన్నాడు.

మన దగ్గర 2025 జూలైలో కలుషిత స్థలాల మీద కేంద్రం నిబంధనలు తెచ్చింది. అనుమానమున్న స్థలాల్ని జిల్లా యంత్రాంగం గుర్తించి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి చెప్పాలి, మండలి పరీక్షలు చేయించాలి, బాధ్యుడెవరో తేల్చి ఖర్చు వసూలు చేయాలి. అయితే అవి ప్రమాదకర పదార్థాలకి. మా ఉప్పుని ఎవరు లెక్కపెడతారు? గనుల కాలుష్యాన్ని కూడా వేరే చట్టాలున్నాయని పక్కన పెట్టారు. మా బావమరిది వాళ్ళది ప్రకాశం జిల్లా చీమకుర్తి. గ్రానైట్ పొడి కొట్టుకున్న ఆ చెట్లు ఒకసారి చూసి రండి, తర్వాత మాట్లాడుకుందాం.

నన్నడిగితే చట్టాలన్నీ వెనకనుంచి మొదలుపెడతాయి. నెల్లూరులో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకోండి, గోడకి మేకు కొడతామేమోనని ఓనరు మూడు నెలల అడ్వాన్సు ముందే గుంజుతాడు. నాలుగెకరాలు తవ్వి సముద్రం నీళ్ళు పెట్టే కంపెనీ దగ్గర పైసా అడ్వాన్సు లేదు! బాగుచేసే ఖర్చు ముందే బ్యాంకులో వేయించుకుంటే ఏ వాచ్‌మనూ ఆ నీళ్ళు తాగక్కర్లేదు. మేం మా పొలాన్ని మేమే బాగుచేసుకున్నాం. గట్లు కొట్టి, వాన నీళ్ళు నిలగట్టి వదిలి, జీలుగ వేసి తొక్కించి. 2004లో గింజ చేతికొచ్చింది, అదీ ఎకరాకి పది బస్తాలు. తాగే నీళ్ళు ఇప్పటికీ క్యాను కొనాల్సిందే.

మీ ఫ్యాక్టరీ ఎప్పుడు మూశారో రాయలేదు. పరిహారం కోసం పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్ళాలంటే, కారణం మొదట పుట్టినప్పటినుంచి ఐదేళ్ళే గడువు. మనకి దగ్గర చెన్నై బెంచి. ఆ ట్రిబ్యునల్ చట్టమే 2010లో వచ్చింది కాబట్టి మాకు ఆ తలుపూ లేదు. మీకు గడువుంటే ఆలస్యం చేయకండి. కాలుష్య మండలికి, కలెక్టరు ఆఫీసుకి రాతపూర్వకంగా ఇచ్చి రశీదు తీసుకోండి. నీళ్ళు మాత్రం మీరు సీసాలో పట్టుకెళ్ళకండి, ఎక్కడివో అంటారు. ల్యాబు వాళ్ళనే పిలిచి, వాళ్ళ చేత్తోనే పట్టించి, సీలు వేయించండి.