లాక్‌పోర్ట్ వెళ్తే ముందు ఆ తెల్ల ఇల్లు చూపించు

ఒరే చిన్నోడా,

వచ్చే ఆదివారం అమ్మానాన్నల్ని లెమాంట్ గుడికి తీసుకెళ్తున్నావట. దర్శనం అయ్యాక షికాగో అద్దాల మేడల ముందు నిలబెట్టి ఫోటోలు తీసే బదులు, అక్కణ్ణుంచి కారులో పావుగంట దూరంలో, పాత ఇల్లినాయ్-మిషిగన్ పడవల కాలువ మీదున్న లాక్‌పోర్ట్‌కి తీసుకెళ్ళు. గోదావరి కాలవగట్టున పెరిగిన మనిషి మీ నాన్న, ఆ ఊరు వాడికి నీకంటే తొందరగా అర్థమవుతుంది.

కానీ పొరపాటున కూడా ముందే నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకు. "దీనికోసమా ఇంత దూరం, మన పంట బోదె నయం" అనేస్తాడు, ఆ తర్వాత నువ్వేం చెప్పినా చెవికెక్కదు.

స్టేట్ స్ట్రీట్‌లో తెల్ల చెక్క ఇల్లు ఒకటుంది, అక్కడ మొదలుపెట్టు. 1837లో కట్టిన కాలువ కమిషనర్ల ఆఫీసు అది, అంటే కాలువ పని చూసే అధికార్లది. కాలువలో పడవలు తిరిగింది 1848లో, అంటే నీళ్ళకంటే పదకొండేళ్ళ ముందే ఆఫీసు వచ్చేసింది. ఎందుకంటే కాలువకి డబ్బు రావాల్సింది భూముల అమ్మకం మీద! కేంద్రం ఇచ్చిన భూములు అమ్ముకుంటూ తవ్వుకుంటూ పోవాలి, ఈ ఊరి ప్లాట్లు కూడా అలా అమ్మినవే. అదీ చాలక మధ్యలో రాష్ట్రం చేతులెత్తేసి పని ఆగింది, 1845లో గానీ మళ్ళీ కదల్లేదు. మరి ఇక్కడే ఎందుకు కట్టారని మీ నాన్న అడుగుతాడు చూడు. షికాగో నుంచి ఇక్కడిదాకా కాలువ ఇంచుమించు ఒకే మట్టంలో వస్తుంది, ఇక్కణ్ణుంచి కాలువ చివర ఉన్న లసాల్ ఊరి దాకా సుమారు 140 అడుగులు దిగాలి. అందుకే పడవల్ని కింది మట్టానికి దించే మొదటి లాకు ఇక్కడ పడింది, దిగే నీటితో మిల్లులూ వచ్చాయి.

తర్వాత కాలువ పక్కనున్న గేలార్డ్ బిల్డింగ్, 1838 నాటిది, కాలువ పని సామాన్లు పెట్టుకోడానికి కట్టిన గోదాము. ఆ పసుప్పచ్చటి రాయిని చేత్తో తడిమి చూడమను. 1871 అగ్నిప్రమాదంలో నిలబడ్డ షికాగో వాటర్ టవర్‌కి వాడింది కూడా ఈ ప్రాంతపు రాయే. లోపల ఏవేళకి తెరుస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కో.

లాకు ఆఖర్న చూపించు. 110 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. తలుపులు ఎక్కడ బిగించారో, నీళ్ళు ఎటు వదిలేవారో వాడే వెతుక్కుంటాడు, తొందరపెట్టకు. ఇక్కడ 1848 ఏప్రిల్‌లో పడవలు కదిలేనాటికి ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పని నడుస్తోందని చెప్పు, ఇక కబుర్లు వాడే అందుకుంటాడు. రైలొచ్చి ప్రయాణికుల్ని లాగేసుకోవడం, 1900లో షికాగో శానిటరీ అండ్ షిప్ కెనాల్ అనే పెద్ద కాలువ రావడం, 1933లో దీన్ని మూసేయడం, ఇవన్నీ కార్లో చెప్పుకోవచ్చులే. తవ్వినవాళ్ళలో ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలే ఎక్కువ, అది మాత్రం మర్చిపోకుండా చెప్పు.

దారి చదునుగానే ఉంటుంది గానీ, మీ అమ్మకి అసలే మోకాళ్ళ నొప్పులు, ఊళ్ళోంచి లాకు దాకా నడిపించకు. డెల్‌వుడ్ పార్క్ వైపు కారు పెట్టుకోండి.

మీ పెదనాన్న