హైడ్రోజన్ బంధాలు అంత బలహీనమైతే డీఎన్ఏ పోగులు ఎందుకు విడిపోవు?

హైడ్రోజన్ బంధం బలహీనమైనదన్న మీ మాట నిజమే. నీటి అణువుల మధ్య దాని బలం మోలుకు దాదాపు 20 కిలోజౌళ్లు. డీఎన్ఏ వెన్నెముకలోని కార్బన్-కార్బన్ బంధాన్ని తెంచాలంటే దాదాపు 350 కావాలి. అయినా రెండు పోగులు ఎలా కలిసి ఉంటాయంటే, పుస్తకాలు పోగుల్లోని ఏ, టీ, జీ, సీ అనే నాలుగు క్షారాల (బేస్‌ల) గురించి ‘ఏ-టీ మధ్య రెండు బంధాలు, జీ-సీ మధ్య మూడు’ అని చెప్పి వదిలేస్తాయి. ఒక మార్కు ప్రశ్నకు అది చాలు, మీరు అడిగినదానికి చాలదు.

పోగులు విడిపోతే ఆ క్షారాలు ఊరికే ఉండవు. పక్కనున్న నీటి అణువులతో వెంటనే హైడ్రోజన్ బంధాలు కట్టుకుంటాయి. అంటే ఒకచోట పోయింది మరోచోట వచ్చేస్తుంది, జతగా ఉన్నందువల్ల మిగిలే లాభం స్వల్పమే. ద్వికుండలిని, అంటే మెలి తిరిగిన ఆ రెండు పోగుల జంటను నిలబెట్టడంలో పెద్ద వాటా క్షారాల దొంతరది. బల్లపరుపుగా ఉండే ఈ క్షారాలు సుమారు 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంతో ఒకదానిపై ఒకటి పేరుకుని, మధ్యలోకి నీటిని రానివ్వవు. వాటి మధ్య వాండర్ వాల్స్ ఆకర్షణ, అంటే బాగా దగ్గరైన అణువుల మధ్య ఉండే చిన్నపాటి ఆకర్షణ పనిచేస్తుంది. ఎవరికి ఎవరు జతో తేల్చడం హైడ్రోజన్ బంధాల ముఖ్యమైన పని.

జీవరసాయన ప్రయోగశాలలో విద్యార్థులకు నేను దీన్ని మాటలతో చెప్పను, చేసి చూపిస్తాను. డీఎన్ఏ ద్రావణాన్ని స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టి, 260 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి ఎంత పీల్చుకుంటోందో చూస్తూ మెల్లగా వేడి పెంచుతాం. చాలాసేపు అంకె కదలదు, పిల్లలకు విసుగొస్తుంది. తర్వాత కొద్ది డిగ్రీల తేడాలోనే గబగబా ఎగబాకి, మొత్తం మీద దాదాపు 40 శాతం పెరిగి ఆగుతుంది. దొంతరలో ఉన్న క్షారాల కన్నా చెదిరిన క్షారాలు ఎక్కువ కాంతిని పీల్చుకుంటాయి మరి. ఇరుగుపొరుగు జతలు గట్టిగా ఉండగా మధ్యలోని జత ఒంటరిగా తప్పుకోవడం కష్టం. అందుకే అంతసేపు ఓర్చుకుని, విడిపోవడం మొదలయ్యాక ఒక్కుమ్మడిగా విడిపోతాయి.

నాకు మరీ ఇష్టమైనది ఆ తర్వాతి భాగం. అదే డీఎన్ఏ, ఉప్పు గాఢత మాత్రం పదో వంతు. ఈసారి పోగులు దాదాపు 16 డిగ్రీల ముందే విడిపోతాయి. జతల్లో ఒక్క హైడ్రోజన్ బంధమైనా తగ్గించలేదని గమనించండి. వెన్నెముకలోని ఫాస్ఫేట్లన్నీ రుణావేశంతో ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఆ తోపును అణచి ఉంచే సోడియం అయాన్లు తగ్గాయి, అంతే.

ఇక ‘బలహీనం’ అనే మాటను చూసి మరీ తక్కువ అంచనా వేయకండి. డీఎన్ఏ నకలు తీసుకునేటప్పుడు హెలికేజ్ అనే ఎంజైమ్ కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చు చేసి పోగుల్ని విప్పగలుగుతోందంటే అవి సమయోజనీయ బంధాలతో (ఎలక్ట్రాన్లను పంచుకునే గట్టి బంధాలతో) అతుక్కుని లేవు కాబట్టే. అయితే ఇలాంటి బంధాలే సరైన అమరికలో గుమిగూడితే కథ మారుతుంది. బయోటిన్ అనే విటమిన్, స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్‌ల జతే చూడండి. వాటి వియోగ స్థిరాంకం (ఇది ఎంత తక్కువైతే పట్టు అంత గట్టిది) సుమారు 10⁻¹⁴ మోలార్. పూసలకు అతికించిన స్ట్రెప్టావిడిన్ నుంచి బయోటిన్‌ను ఊడదీయడానికి మేం డిటర్జెంటు కలిపి మరిగించాల్సి వస్తుంది. ఆ రెండింటి మధ్య సమయోజనీయ బంధం ఒక్కటీ లేదు.