తాతయ్య సైకిలు

చిట్టితల్లీ,

కొట్టంలో మూలపడిన తాతయ్య సైకిలు బయటకు తీయించావని, కొవ్వూరు నుంచి రాజమండ్రికి దాని మీదే ఉద్యోగానికి వెళ్తానంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ పగలంతా కనిపించినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

టైర్లూ ట్యూబులూ కొత్తవి వేయించు. చైను సాగి ఉంటే మార్చు. ఇరుసుల్లో పాత గ్రీజు కడిగించి, బాల్స్ కొత్తవి వేయించు. తొక్కేటప్పుడు పెడలు దగ్గర టక్కుమంటే, పెడలు కడ్డీని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను అరిగి ఉండొచ్చు. రంగు జోలికి ఇప్పుడే వెళ్ళకు.

రంగు సంగతి నీకు చెప్పాలి. 1983లో నా మొదటి ఉద్యోగానికి ఇదే సైకిలు బాగుచేయించాను. చేతిలో ఉన్న డబ్బంతా నల్ల రంగుకూ డైనమో దీపానికీ పెట్టాను. బ్రేకు రబ్బర్లు గట్టిపడి గాజులా నున్నబడ్డాయని షాపులో చూపించారు. వచ్చే జీతానికి చూద్దాంలే అన్నాను.

ఆషాఢంలో ఒక సాయంత్రం మీ నాన్నను వెనక కూర్చోబెట్టుకుని గోదావరి వంతెన మీద వస్తున్నాను. వాడప్పుడు ఎనిమిదో తరగతి. నడిమధ్యలో ఉండగా వాన పట్టుకుంది. కొవ్వూరు వైపు దిగుడులో బ్రేకు పట్టాను. రాడ్లు పైకి లేచాయి, రబ్బర్లు రిమ్ముకు ఆనుకున్నాయి, బండి ఆగలేదు. ఇనుప రిమ్ము తడిస్తే కొత్త రబ్బరే సరిగా పట్టదు, ఆ గట్టిపడ్డది ఏం పడుతుంది? ముందు ఎడ్లబండి, పక్కన లారీ. గోడకు రాసుకుంటూ పోయి పడ్డాం. మీ నాన్న గడ్డం కింద మచ్చ ఉంది కదా, చిన్నప్పుడు వేలితో తడిమి అడిగేదానివి. జామచెట్టు మీంచి పడ్డానని చెప్పేవాడు. నా తప్పు నీకు తెలియకూడదని వాడి తాపత్రయం.

మీ తాతయ్య నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు ఆఫీసుకు బయలుదేరేసరికి సైకిలుకు కొత్త రబ్బర్లు ఉన్నాయి.

కాబట్టి నాలుగు రబ్బర్లూ ముందు మార్పించు, మిగతావి తర్వాత. వానలో దిగుడు రాకముందే బ్రేకు మెల్లగా ఆనించి, రిమ్ము మీది నీళ్ళు పోయాక గట్టిగా పట్టు. పెద్ద వానైతే దిగి నడిపించుకురా. ఆలస్యమైందని ఆఫీసులో ఎవరైనా అంటే అననీ. ఈ ఒక్క మాట పెడచెవిన పెట్టావో, నేనే వచ్చి ఆ సైకిలుకు తాళం వేసి తాళంచెవి పట్టుకుపోతాను.

ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి, నిన్ను కూర్చోబెట్టుకుని గోదావరి గట్టు మీద తిప్పింది ఈ బండి మీదే. ఇల్లు చేరేదాకా గంట మోగిస్తూనే ఉండేదానివి. అది తుప్పు పట్టి ఉంటే తీసి పారేయకు. ఒక రాత్రి కిరోసిన్‌లో నాననివ్వు, మళ్ళీ మోగుతుంది.

నీ పెదనాన్న