అమెరికా గ్రాంటు చూసి ఇల్లు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: నేను డిస్కంలో లైన్ ఇన్‌స్పెక్టర్‌ని. మా అమ్మాయి ఏలూరులో బీటెక్ ట్రిపుల్ ఈ చివరి సంవత్సరం చదువుతోంది. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫర్ వచ్చింది. తనేమో గ్రిడ్‌తో కలిసి పనిచేసే స్మార్ట్ బిల్డింగుల మీద అమెరికాలో ఎంఎస్ చేస్తానంటోంది. దీనికి అక్కడి ప్రభుత్వం 61 మిలియన్ డాలర్లు ఇచ్చిందట. 40 లక్షల లోను కావాలి, ఇల్లు తాకట్టు పెట్టాలి. ప్రభుత్వమే డబ్బు పెడుతున్న రంగం కదా, ధైర్యం చేయొచ్చా?

జవాబు: ఆ 61 మిలియన్లలో మీ అమ్మాయి ఫీజుకు ఒక్క డాలరు కూడా రాదు. ముందు ఆ లెక్క తేల్చుకుంటే మిగతాది ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చు. తను ఎంచుకున్న పని తప్పని మాత్రం అనను. ట్రిపుల్ ఈ చదివి అందులోనే ఉంటానన్న పిల్లలు నాకు ఈమధ్య అరుదుగా కనిపిస్తున్నారు.

ఈ పనేమిటో మీకు నాకంటే బాగా తెలుసు. రైతులకు ఏ గ్రూపు, బీ గ్రూపు అని గంటలు పంచి కరెంటు ఇచ్చిన రోజులు చూసే ఉంటారు. సాయంత్రం ఊళ్లో లైట్లు వెలిగే వేళకు మోటార్ల లోడు తగ్గాలి కాబట్టి దాన్ని రాత్రికో తెల్లవారుజాముకో తోసేవారు. పాపం రైతు టార్చిలైటు పట్టుకుని పురుగూ పుట్రా చూసుకుంటూ పొలానికి పోయేవాడు. అంటే లోడును ఒక వేళ నుంచి ఇంకో వేళకు జరపడం మనకు కొత్త కాదు. ఆ జరపడంలో మనిషికి కష్టం లేకుండా చేయడమే ఇప్పుడు కొత్త. సోలార్ కరెంటు మిగులుతున్న మధ్యాహ్నం రెండింటికే గీజర్‌లో నీళ్లు కాగి ఉంటాయి. పీక్, అంటే అందరూ ఒకేసారి కరెంటు వాడే వేళ, రాకముందే ఏసీ గదిని ఓ రెండు డిగ్రీలు ఎక్కువ చల్లబరిచి, పీక్‌లో కాసేపు కంప్రెసర్ ఆపేస్తుంది. కారు ఛార్జింగు అర్ధరాత్రి మొదలవుతుంది. ఇంట్లోవాళ్లకు తేడా తెలియదు. ఒక్క ఇల్లు ఇలా చేస్తే గ్రిడ్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అదే ఒక ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి వీధులకు కరెంటు తెచ్చే లైను, మీదున్న ఇళ్లన్నీ కలిసి చేస్తే, సబ్‌స్టేషన్‌లో కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కొన్నేళ్లు వాయిదా పడొచ్చు.

అమెరికాలో మొత్తం కరెంటులో దాదాపు మూడొంతుల్ని, అంటే 75 శాతం వరకు, భవనాలే వాడతాయి. అందుకే అక్కడి ఇంధన శాఖ కన్ను వీటి మీద పడింది. మొదట అలబామా రాష్ట్రంలో బర్మింగ్‌హామ్ పక్కన హూవర్ అనే ఊళ్లో 62 ఇళ్ల కాలనీ కట్టి, సోలార్, బ్యాటరీ, గ్యాస్ జనరేటర్‌తో మైక్రోగ్రిడ్, అంటే ఆ కాలనీకే ఒక చిన్న గ్రిడ్, పెట్టి చూశారు. తర్వాత అట్లాంటాలో 46 ఇళ్లతో ఇంకొకటి. ఆ అనుభవంతో 2021 అక్టోబరులో ‘కనెక్టెడ్ కమ్యూనిటీస్’ పేరుతో 10 ప్రాజెక్టులకు ప్రకటించినవే మీ అమ్మాయి చెప్పిన 61 మిలియన్లు.

ఎవరికి ఇచ్చారో చూడండి. పోర్ట్‌లాండ్ జనరల్ ఎలక్ట్రిక్ లాంటి కరెంటు కంపెనీలు, సన్‌పవర్ అనే సోలార్ కంపెనీ, ఓహైయో స్టేట్ యూనివర్సిటీ లాంటివాళ్లు. యూనివర్సిటీకి వచ్చిన డబ్బులో ప్రొఫెసర్ కొందరిని రీసెర్చ్ అసిస్టెంట్లుగా పెట్టుకుంటారు, వాళ్లకు ఫీజు మాఫీ, నెల నెలా కొంత స్టైపెండ్ ఉంటాయి. అయితే అందులో ఎక్కువ భాగం పీహెచ్‌డీ వాళ్లకే పోతుంది. ఎంఎస్‌లో దొరికితే అదృష్టం. ఆ అదృష్టాన్ని లోను లెక్కలో కలపకండి.

ఇంకో సంగతి. ఆ పది ప్రాజెక్టుల్లో కాలిఫోర్నియాలోని మెనిఫీ ఊరి ప్రాజెక్టు సన్‌పవర్ కంపెనీది. ఆ సన్‌పవర్ 2024 ఆగస్టులో దివాలా పిటిషన్ వేసింది. ప్రభుత్వం మారాక 2025 అక్టోబరులో అదే ఇంధన శాఖ 223 ప్రాజెక్టుల నిధులు రద్దు చేస్తున్నామని ప్రకటించింది. గ్రాంటు అనేది ఆ ఏడాది వానలాంటిది. దాన్ని చూసి పంట వేయొచ్చు గానీ, పొలం తాకట్టు పెట్టకూడదు. చదువయ్యాక అక్కడ పనిచేయడానికి స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) విద్యార్థులకు 12 నెలలు, పొడిగిస్తే ఇంకో 24 నెలలు ఉంటాయి. ఆ పైన వీసా మన చేతుల్లో ఉండదు. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలు దాదాపుగా పౌరులకే.

మరి ఆ గ్రాంటు కథ వల్ల మీకేం లాభం? ఈ పనికి ఎలాంటి మనిషి కావాలో అది చెబుతుంది. బిల్డింగ్ వాళ్లకు ఏసీ ప్లాంటు తెలుసు, ఫీడరు తెలియదు. డిస్కం వాళ్లకు ఫీడరు తెలుసు, గోడ లోపల వేడి ఎలా నిలుస్తుందో తెలియదు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు కోడ్ తెలుసు గానీ కంప్రెసర్‌ను నిమిషానికోసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఏమవుతుందో తెలియదు. ఈ మూడింటి మధ్య నిలబడి మాట్లాడగలిగినవాళ్లు తక్కువ. నా దృష్టిలో మీ అమ్మాయి గురి పెట్టాల్సింది ఆ ఖాళీ మీదే, డిగ్రీ పేరు ఏదైనా.

మొదలుపెట్టడానికి వీసా అక్కర్లేదు. బిల్డింగ్ ఎంత కరెంటు తాగుతుందో లెక్కగట్టే ఎనర్జీప్లస్, ఫీడరును కంప్యూటర్లో నడిపి చూపే ఓపెన్‌డీఎస్‌ఎస్, పరికరాలకు ఆదేశాలిచ్చే వోల్ట్రాన్, మూడూ ఉచితం. వోల్ట్రాన్ పైథాన్‌లోనే ఉంటుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు తన హాస్టల్ బిల్డింగునే తీసుకోమనండి. గీజర్ల లోడు ఎంత, ఎన్నింటికి పడుతోంది, మధ్యాహ్నానికి జరిపితే పీక్ ఎంత దిగుతుంది? అదొక్కటి శుభ్రంగా చేసినా ఏ ప్రొఫెసర్ ముందైనా ధైర్యంగా కూర్చోవచ్చు. కొన్న ప్రాజెక్టు వద్దు, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. మీ ఆఫీసు మీటర్ డేటా మాత్రం అనుమతి లేకుండా ఇంటికి తేకండి.

మన దగ్గర కూడా ఈ పని మెల్లగా వస్తోంది. 2023లో కేంద్రం నిబంధనలు మార్చి, 10 కిలోవాట్లు దాటిన వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్లకు 2024 ఏప్రిల్ నుంచి వేళను బట్టి రేటు ఉండాలని చెప్పింది. ఎండ వేళ చౌక, పీక్ వేళ ఖరీదు. ఒక పెద్ద ఆసుపత్రికో ఐటీ టవర్‌కో ఇక లోడు జరిపితే నేరుగా డబ్బు మిగులుతుంది, జరిపేవాళ్లకు జీతమూ వస్తుంది. పెద్ద భవనాలకు ఇంధన పొదుపు కోడ్ మీద ఉమ్మడి రాష్ట్రంలో 2014లోనే జీవో వచ్చింది. అమలు గురించి నన్ను అడగకండి, మీకూ తెలుసు. పై చదువుకు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో బిల్డింగ్ సైన్స్ పరిశోధన కేంద్రం ఉంది. 2012లో భారత్, అమెరికా ప్రభుత్వాలు కలిసి మొదలుపెట్టిన భవనాల ఇంధన పరిశోధనలో వాళ్లూ భాగస్వాములే. అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ కూడా ఈ రంగంలో పేరున్నదే. 40 లక్షలు అక్కర్లేని దారులివి.

నా మాట అడిగితే, ఈ ఏడాది లోను వద్దు. సాఫ్ట్‌వేర్ ఆఫర్ తీసుకోనివ్వండి, బాండ్ ఎన్నేళ్లో మాత్రం చదివి సంతకం పెట్టమనండి. గేట్ కూడా రాయనివ్వండి. రెండేళ్లు జీతం దాచుకుంటూ, పైన చెప్పిన మూడు సాఫ్ట్‌వేర్ల మీద చేయి తిరిగాక అమెరికాకు అప్లై చేస్తే, అసిస్టెంట్‌షిప్ అడగడానికి చేతిలో చూపించుకునే పని ఉంటుంది. అప్పుడు రాతపూర్వకంగా అసిస్టెంట్‌షిప్ వస్తే పంపండి, ఆ లోను చిన్నది. రాకపోతే ట్రిపుల్ ఐటీ ఉంది. ఈలోగా ఒక ఆదివారం తనను మీ సబ్‌స్టేషన్‌కు, అధికారి అనుమతితో, తీసుకెళ్లి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా లోడు ఎలా ఎక్కుతుందో చూపించండి.