12×10 గదిలో పాటలు బాగా వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గది 12×10 అడుగులు, చేతిలో 40 వేలు, వినేది పాత సినిమా పాటలూ కచేరీలూ; 5.1 సెట్ (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) కొనమంటారా అని అడిగారు. వద్దండి. ఆ డబ్బు ఆరు పెట్టెలకు పంచితే ఒక్కటీ సరైనది రాదు. పాటలుండేది రెండు చానళ్లలోనే, పాతవైతే చాలావరకు మోనోనే, అంటే ఒకటే చానల్. మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్ల (స్టాండు మీద పెట్టే చిన్న పెట్టెల) జత, ఒక స్టీరియో యాంప్లిఫయర్ చాలు. 25 వేల దాకా స్పీకర్లకే పెట్టండి, 10–12 వేలు యాంప్లిఫయర్‌కి, మిగిలింది స్టాండ్లకూ వైరుకూ.

వాట్ల దగ్గర పీఎంపీఓ (ప్రకటనల్లో పెంచి చెప్పే) అంకెను నమ్మకండి, ఆర్ఎంఎస్ (నిలకడగా ఇవ్వగలిగే వాట్లు) ఎంతో అడగండి. చానల్‌కు 30–50 వాట్లు ఈ గదికి ధారాళం. వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్లే.

అసలు పని ఇక్కడినుంచి. స్పీకర్లు 10 అడుగుల గోడ వైపు పెట్టండి: వాటి వెనక గోడకు 2 అడుగుల ఎడం, పక్క గోడలకు 2 అడుగులు, రెండింటి మధ్య 6. మీ కుర్చీ ఒక్కో స్పీకర్‌కు 6 అడుగుల దూరంలో ఉండాలి. ట్వీటర్ (స్పీకర్‌లో సన్నటి స్వరాలు పలికే చిన్న భాగం) మీ చెవి ఎత్తుకు రావాలి. మూలకు నెట్టారో, మృదంగం ఎడమ వైపు మోత గదంతా గుమ్మని నిండి గొంతును మింగేస్తుంది. 12 అడుగుల పొడవున్న గది 47 హెర్ట్జ్ దగ్గర తనే మోగుతుంది. మూలలో పెట్టిన స్పీకర్ దాన్ని ఇంకా రెచ్చగొడుతుంది.

మన సిమెంటు గోడలు, టైల్స్ నేల మరో తలనొప్పి. గది మధ్యలో చప్పట్లు కొట్టండి. వెనకాలే టింగుమని మోత వస్తే నేలమీద మందపాటి తివాచీ పరవాల్సిందే. మీరు కుర్చీలో కూర్చుని, ఇంకొకరిని పక్క గోడ వెంట అద్దం జరుపుతూ వెళ్లమనండి. అద్దంలో ట్వీటర్ కనబడిన చోటే శబ్దం గోడకు తగిలి మీ వైపు తిరిగొస్తుంది; అక్కడ మందపాటి బొంతో పరదానో వేలాడదీయండి. పలచటి దుప్పటి పనికిరాదు.

వైరు 16 గేజ్ రాగిది తీసుకోండి. రాగి పూసిన అల్యూమినియం కూడా రాగి పేరుతోనే అమ్ముతున్నారు, అందుకే కొనేముందు ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే వదిలేయండి. యాంప్లిఫయర్ ఆపేసి, కొసను ఒక సెంటీమీటరు ఒలిచి, పోగులు గట్టిగా మెలిపెట్టి బిగించండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కు తగిలినా యాంప్లిఫయర్ కాలిపోవచ్చు. తర్వాత ఒక మోనో పాట పెట్టండి. గొంతు సరిగ్గా నడుమ నుంచి రావాలి. ఎటునుంచి వస్తోందో తెలియకుండా చెదిరి, బేస్ పలచబడితే ఒక స్పీకర్‌కు ఎరుపు, నలుపు తారుమారయ్యాయన్నమాట. ఆ ఒక్కదానికే మార్చండి.

సన్నగా హమ్ (ఆగకుండా గుయ్‌మనే మోత) వస్తుంటే సెట్‌టాప్ బాక్స్ వైరు పీకి చూడండి. ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్ దారులు కలిసి చుట్టు ఏర్పడటం. అన్నిటినీ ఒకే ప్లగ్ బోర్డు మీదికి తెస్తే చాలాసార్లు తగ్గుతుంది. దానికోసం ఎర్త్ పిన్ మాత్రం విరగ్గొట్టకండి, లోపల ఇన్సులేషన్ పోయిన రోజున షాక్ మీకే తగులుతుంది.